మర్త్: పొద్దును కురచ చేసే మాట

మర్త్ (mirth) అనే ఇంగ్లీషు పదం ఇవాళ నోటిమాట కాదు. లండన్ బస్సులోనైనా, న్యూజెర్సీ ఆఫీసులోనైనా ‘నాకు ఈ రోజు మర్త్‌గా ఉంది’ అనేవాళ్ళు కనిపించరు. నవలల్లో, బైబిలు పాత అనువాదాల్లో, చర్చి కీర్తనల్లో, పోటీ పరీక్షల పర్యాయపదాల ప్రశ్నల్లో ఆ మాట బతుకుతోంది. దాని తోడబుట్టిన మెర్రీకి (merry) మాత్రం ఏటా డిసెంబరులో పని పడుతూనే ఉంటుంది. నిఘంటువు తెరిస్తే మర్త్‌కి ‘సంతోషం, ఉల్లాసం’ అని అర్థం చెప్పి ఊరుకుంటుంది. అది తప్పు కాదు, చాలదు. ఈ మాట పుట్టుకలో సంతోషం ఊసే లేదు. వేర్ల దగ్గర దాని అర్థం ‘పొట్టి’, ‘కురచ’. కురచ అనే అర్థం నవ్వులదాకా ఎలా నడిచిందో తెలిస్తే, జాయ్, గ్లీ, హిలారిటీ వంటి చుట్టుపక్కల మాటలనుంచి దీన్ని విడదీయడం తేలికవుతుంది.

ముందు పలుకు సంగతి. అక్షరాలను చూసి చాలామంది ‘మిర్త్’ అంటారు. బర్డ్, ఫస్ట్ అనే మాటల్లో ఏ అచ్చు పలుకుతుందో ఇందులోనూ అదే పలుకుతుంది. చివరి ధ్వని తెలుగు ‘థ’ కాదు. నాలుక కొసను పై పళ్ళ అంచుకు తాకించీ తాకించకుండా గాలి వదిలితే వస్తుంది, థిన్ అనే మాట మొదట్లో ఉన్నట్టు. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు కాబట్టి ‘మర్త్’ అని రాసుకోవడమే దగ్గర దారి.

మాటను విప్పితే రెండు ముక్కలు: మెర్రీ అనే విశేషణం, దాని చివర ‘త్’ ప్రత్యయం. విశేషణాన్ని భావనామంగా మార్చే ఈ ప్రత్యయం పాత ఇంగ్లీషులో జోరుగా పనిచేసింది. లాంగ్ నుంచి లెంగ్త్, స్ట్రాంగ్ నుంచి స్ట్రెంగ్త్, బ్రాడ్ నుంచి బ్రెడ్త్, ఫౌల్ నుంచి ఫిల్త్, హోల్ నుంచి హెల్త్, స్లో నుంచి స్లాత్ వచ్చాయి. డియర్ అంటే ప్రియమైనది, ఖరీదైనది. సరుకు ప్రియమైందంటే కరువు వచ్చినట్టే కాబట్టి డర్త్ అంటే కొరత. ఈ జంటల్లో చాలా చోట్ల అచ్చు మారడం గమనించాలి. ప్రత్యయం మొదట్లో ఒకప్పుడు ‘ఇ’ ఉండేది. ఆ ‘ఇ’ ముందున్న అచ్చును తనవైపు లాగి, తర్వాత తాను మాయమైంది. బర్త్, డెత్ కూడా ఇదే వరసలోవని అనిపిస్తుంది గానీ వాటి ప్రత్యయాలు వేరు. ఇప్పుడు ఈ ‘త్’ చచ్చిన ప్రత్యయం. కొత్త మాటలు కట్టదు. వార్మ్త్‌కి జోడీగా ‘కూల్త్’ అని ఎవరైనా అంటే అది వేళాకోళమే.

మెర్రీలో ‘ఎ’, మర్త్ రాతలో ‘ఐ’. ఒకే మాటకు పుట్టిన ఇద్దరికి రెండు అచ్చులెందుకు? ఇక్కడ ఇంగ్లండు భూగోళం చూడాలి. పాత ఇంగ్లీషులో ఈ విశేషణం రూపం ‘మ్యుర్యె’. రాతలో ‘జి’ అక్షరం ఉన్నా పలుకులో ‘య’. మొదటి అచ్చు విచిత్రమైనది: ‘ఉ’ అనడానికి చుట్టినట్టు పెదవులు చుట్టి ‘ఇ’ అంటే వచ్చే ధ్వని అది. కాలక్రమంలో ఈ ధ్వని ఒక్కో ప్రాంతంలో ఒక్కో దారి పట్టింది. ఉత్తరాన, తూర్పు మధ్య ప్రాంతాల్లో పెదవులు విప్పేసి ‘ఇ’ అన్నారు. ఆగ్నేయాన కెంట్ వైపు ‘ఎ’ అన్నారు. పశ్చిమాన, నైరుతిలో పాత ధ్వనినే నిలుపుకొని, ఫ్రెంచి లేఖకుల అలవాటు ప్రకారం ‘యు’ అక్షరంతో రాశారు. అందుకే పాత రాతప్రతుల్లో మిర్థె, మెర్థె, ముర్థె అని మూడు రూపాలూ దొరుకుతాయి.

రెండు పాటలు దీనికి చక్కటి సాక్ష్యం. పదమూడో శతాబ్దం తొలి పాతికేళ్ళలో రాసిపెట్టిన ఒక పాట ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. సంగీతంతో సహా మిగిలిన ఇంగ్లీషు లౌకిక గీతాల్లో అతి పాతవాటిలో అదొకటి. ఎండాకాలం ఉన్నన్నాళ్ళూ పిట్టల పాటతో హాయి, ఇప్పుడు గాలివాన దగ్గర పడుతోంది అని దాని సారాంశం. అందులో మాట ‘మిరీ’. అదే శతాబ్దం నడుమ రెడింగ్ మఠం ప్రతిలో దొరికిన కోకిల పాటలో ‘మురీ’. లండన్ నగరం ఈ మూడు మాండలికాల కూడలి. ప్రామాణిక భాష ఒక్కో మాటకు ఒక్కో చోటినుంచి రూపం ఎత్తుకుంది. బిజీ (busy) అనే మాటకు పశ్చిమపు రాత, ఉత్తరపు పలుకు దక్కాయి. బెరీ అని పలికే ‘పూడ్చు’ (bury) క్రియకు పశ్చిమపు రాత, కెంటు పలుకు దక్కాయి. మెర్రీకి రాతా పలుకూ రెండూ కెంటువే. మర్త్‌కి ఉత్తరపు రాత. తర్వాతి శతాబ్దాల్లో దక్షిణ ఇంగ్లండులో ‘ఎర్, ఇర్, ఉర్’ మూడూ కలిసిపోయి ఒకే అచ్చు అయ్యాయి కాబట్టి, ఇవాళ దీన్ని ఏ అక్షరంతో రాసినా పలుకు ఇదే అయ్యేది. మెర్రీలో ‘ర’ తర్వాత అచ్చు ఉంది గనక ఆ కలయిక దాన్ని తాకలేదు. అమెరికాలో ఇంకో కలయిక జరిగింది. అక్కడ చాలామంది మెర్రీ, మ్యారీ, మేరీ మూడింటినీ ఒకేలా పలుకుతారు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పిల్లల నోట ఈ తేడా వినబడకపోతే అది పిల్లల తప్పు కాదు, ఆ నేల పలుకు.

ఇక వేర్లు. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి వంటి భాషల జర్మానిక్ కుటుంబంలో ‘హాయి’ అనే అర్థం దాదాపుగా ఇంగ్లీషులోనే కనిపిస్తుంది. డచ్చి భాష మధ్యయుగపు రూపంలో ‘సంతోషకరమైన’ అనే ఒక మాట తప్ప, మిగతా చుట్టాలందరూ ‘పొట్టి’ అనే చెబుతారు. పాత ఎగువ జర్మన్‌లో ‘ముర్గ్’ అంటే కురచ, ‘ముర్గ్‌ఫారి’ అంటే అల్పాయువు. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్, గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో చేసిన బైబిలులో, మార్కు సువార్త 13వ అధ్యాయం 20వ వచనంలో, ప్రభువు ఆ దినాలను తక్కువ చేయకపోతే ఎవరూ మిగలరు అనే చోట ‘తక్కువ చేయు’ అనడానికి వాడిన క్రియ ‘గమోర్గ్యన్’. మెర్రీలో ఉన్న వేరే అది. చూడండి, కురచ అయింది కర్రో దారమో కాదు, రోజులు. కాలానికి ముడిపడిన కురచతనం అప్పటికే ఈ వేరులో ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, సంస్కృతం, గ్రీకు, ఇంగ్లీషు వంటి భాషలన్నిటికీ మూలమైన ఇండో-యూరోపియన్‌లో దీని రూపం ‘మృఘు’ లాంటిది. రాసుకోవడానికి రోమను లిపి చుక్కలూ గీతలూ వెతుక్కోవాలి గానీ, మనకు ఋకారం, ఘకారం చేతిలోనే ఉన్నాయి. ఆ ‘ఘ’ మాత్రం మన ఘకారం కన్నా కాస్త తాలువు వైపు పలికేది. జర్మానిక్ భాషల్లో ఋకారం ‘ఉర్’ అవుతుంది, ఘ ‘గ’ అవుతుంది. అలా ముర్గ్. గ్రీకులో, లాటిన్‌లో మాట మొదట ‘మ్ర’ నిలవదు, ‘బ్ర’ అవుతుంది. మర్త్యుడికి గ్రీకు మాట ‘బ్రోతోస్’, అమర్త్యుడికి ‘అంబ్రోతోస్’. మన అమృతానికి చుట్టమైన అంబ్రోసియాలో (గ్రీకు దేవతల ఆహారం) మ, బ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అదే సూత్రం ప్రకారం పొట్టి అనే మాట గ్రీకులో ‘బ్రఖుస్’, లాటిన్‌లో ‘బ్రెవిస్’ అయింది. బ్రెవిస్ నుంచే ఇంగ్లీషులో బ్రీఫ్, అబ్రీవియేషన్, అబ్రిడ్జ్. అంటే కోర్టులో వకీలు చేతిలోని బ్రీఫ్‌కీ, పండక్కి చెప్పే మెర్రీకీ తాతముత్తాతలు ఒకరే.

గ్రీకువాళ్ళు పైచేతిని ‘బ్రఖియోన్’ అన్నారు. ముంజేతి కన్నా పొట్టిది అని. అది లాటిన్ మీదుగా బ్రేస్‌లెట్, ఎంబ్రేస్ అయింది. ఛందస్సు చదివినవారికి ఇంకో చిన్న కానుక: గ్రీకు ఛందస్సులో మూడు లఘువుల గణం ట్రైబ్రాక్, మన నగణం. నడుమ గురువు, రెండు పక్కలా లఘువులు ఉంటే ఆంఫిబ్రాక్, మన జగణం. రెండు పేర్లలోనూ ఉన్న బ్రాక్ ఈ ‘పొట్టి’యే.

సంస్కృతంలో ఈ వేరుకు వచ్చిన మాటగా భాషాచరిత్రకారులు ఎక్కువమంది చూపేది ‘ముహుః’. క్షణంలో, ఒక్కసారిగా, మళ్ళీమళ్ళీ అని దానికి అర్థాలు. ‘ముహుర్ముహుః’ తెలుగు పండితులకు కొత్త కాదు. దానినుంచే ముహూర్తం. హల్లుల లెక్క సరిపోతుంది. మూలభాషలో తాలువు వైపు పలికిన ఆ ఘకారం సంస్కృతంలో ‘హ’ అవుతుంది, ఇంగ్లీషు వైపు ‘గ’ అవుతుంది. వహించడం, వాహనం ఒకపక్క, వ్యాగన్ ఇంకోపక్క ఇదే లెక్కలో నిలబడతాయి. ఇబ్బంది అచ్చు దగ్గర. నియమం ప్రకారం ‘మృహు’ రావాలి, ‘ముహు’ వచ్చింది. పెదవులతో పలికే మకారం పక్కన, తర్వాతి ‘ఉ’ ప్రభావంతో, ఋకారం జనం నోట ‘ఉ’గా మారిందని దీనికి ఇచ్చే సమాధానం. ఇలాంటి మార్పు ప్రాకృతాల్లో కొల్లలు. పృథివి పుడమి అయిన తీరు మనకు తెలిసిందే, అక్కడ పకారం పక్కన అదే పని జరిగింది. పైగా పాత ఇరాను భాష అయిన అవెస్తాలో ‘మెరెజు’ అనే రూపం రేఫతో సహా మిగిలి ఉంది. ‘మెరెజుజీతి’ అంటే అల్పాయువు కలది. ఇరానుకు దక్కిన రేఫ ఇక్కడ జారిపోయిందన్న వాదానికి అది పెద్ద బలం. అయినా ఇది గణితం కాదు. యాస్కుడు నిరుక్తంలో ముహూర్తాన్ని ‘ముహుః’, ‘ఋతు’ అని విడదీసి, ముహుః అనే మాటను ‘మూఢ’ శబ్దానికి ముడిపెట్టాడు. ఆధునిక వ్యుత్పత్తి కోణంలో అది నిలవదు గానీ, మాటలో పొడవు, పొట్టి అనే భావం అప్పటికే మరుగునపడిందని దానివల్ల తెలుస్తుంది.

ముహూర్తం మొదట కొలత కాదు. ఋగ్వేదం మూడో మండలం 33వ సూక్తంలో విశ్వామిత్రుడు విపాశ, శుతుద్రి నదులను తన మాట మన్నించి ఒక్క ముహూర్తం ఆగమంటాడు. అక్కడ అర్థం ‘కాసేపు’. తర్వాత బ్రాహ్మణాల కాలానికి అది పగలూ రాత్రీ కలిసిన రోజులో ముప్ఫయ్యో వంతు అయింది. శతపథ బ్రాహ్మణం 360 రోజుల ఏడాదికి 10,800 ముహూర్తాలని లెక్క చెబుతుంది. ఇప్పటి గడియారంలో 48 నిమిషాలు, మన గడియలు రెండు. పెళ్ళిపత్రికలో అచ్చు వేసే సుముహూర్తం ఇంకా కుదించుకుని నిమిషాల్లోకి వచ్చింది. ఒకే వేరు ఇక్కడ పంచాంగంలోకి, అక్కడ నవ్వుల్లోకి పోవడం వింతగానే ఉంటుంది. అంతమాత్రాన మర్త్ సంస్కృతంనుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిందనుకోకూడదు. వాట్సాప్‌లో తిరిగే ‘అన్నీ మన దగ్గరనుంచే’ జాబితాలు చేసే పొరపాటు అదే. రెండూ ఒకే పాత మూలానికి వేర్వేరుగా పుట్టినవి, ఒకదాన్నొకటి కన్నవి కావు.

సరే, పొట్టి ఎలా హాయి అయింది? ఎక్కువమంది ఒప్పుకునే సమాధానం: పొద్దును పొట్టి చేసేది హాయి. విసుగులో గంట గడవదు, నవ్వుల్లో పూట తెలియదు. ఇది ఊహే అయినా దిక్కులేని ఊహ కాదు. ఇదే దారిలో నడిచిన మాటలు పక్క భాషల్లో ఉన్నాయి. జర్మన్‌లో ‘కుర్ట్స్‌వైల్’ అంటే వినోదం, మాటకు మాట ‘పొట్టి పొద్దు’. విసుగుకి ‘లాంగెవైలె’, అంటే ‘పొడుగు పొద్దు’. స్కాండినేవియా పాత భాష అయిన నార్స్‌లో ‘స్కమ్మ్ర్’ అంటే పొట్టి, దానినుంచి పుట్టిన ‘స్కెమ్త’ అంటే వినోదపరచడం. స్వీడన్‌లో జోకు వేయడాన్ని ఇప్పటికీ ఆ మాటతోనే చెబుతారు. ఐస్‌లాండ్‌లో ‘సరదాగా ఉంది’ అనడానికి వాడే ‘స్కెమ్‌తిలెగ్ట్’లోనూ ఆ పొట్టితనమే దాగి ఉంది. తెలుగు చెవికి ఇది పరాయిగా తోచదు. విసుగొస్తే ‘పొద్దుపోవడం లేదు’ అంటాం, ఉబుసుపోక కబుర్లు చెప్పుకుంటాం. హరికథ కూడా కాలక్షేపమే.

ఇంగ్లీషులోనే ఒక చక్కటి చోటు ఉంది. పద్నాలుగో శతాబ్దం చివర చాసర్ అనే కవి రాసిన కాంటర్బరీ కథల ఉపోద్ఘాతంలో, సత్రం యజమాని యాత్రికులతో ‘నాకిప్పుడే ఒక మర్త్ తట్టింది, మీకు హాయి, ఖర్చు ఏమీ లేదు’ అంటాడు. ఆ మర్త్ ఏమిటంటే తలా కొన్ని కథలు చెప్పడం, ఎందుకంటే ‘దారి పొట్టి కావడానికి’. మాటలో దాగిన పాత అర్థం చాసర్‌కు తెలిసే అవకాశం లేదు. అయినా మర్త్, కురచ రెండూ పాతిక పంక్తుల దూరంలోనే వచ్చి పడ్డాయి. కాశీమజిలీ కథలు చదివిన తెలుగువారికి ఆ యజమాని ఆలోచన విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో విషయం: అక్కడ ‘ఒక మర్త్’ అన్నాడు. అప్పట్లో ఇది లెక్కపెట్టగల నామవాచకం, ‘ఒక వినోద కార్యక్రమం’ అని అర్థం. ఇప్పుడు అలా రాస్తే తప్పు.

మాట అర్థం కాలంతో పాటు ఎలా ఇరుకైందో చూస్తే దాని స్వభావం పట్టుబడుతుంది. పాత ఇంగ్లీషులో మర్త్ పరిధి చాలా పెద్దది. పరలోకంలో దొరికే శాశ్వతానందాన్ని కూడా ఆ మాటతోనే చెప్పారు. మధ్యయుగంలో అది పాట, ఆట, విందు, కథ వైపు వాలింది. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలులో ప్రసంగి ఏడో అధ్యాయం చెబుతుంది: జ్ఞానుల మనసు దుఃఖపడే ఇంట, మూర్ఖుల మనసు మర్త్ ఉన్న ఇంట. ఆ ‘మర్త్ ఉన్న ఇల్లు’ అనే మాటలనే అమెరికా రచయిత్రి ఈడిత్ వార్టన్ 1905లో తన నవలకు పేరుగా పెట్టుకుంది. ఇక్కడ మర్త్ మీద నింద పడింది, అది ఆలోచనలేని సందడి. కానీ అదే శతాబ్దంలో, 1650 నాటి స్కాట్లండ్ కీర్తనల పుస్తకంలో, నూరో కీర్తన ‘మర్త్‌తో ఆయనను సేవించండి’ అంటుంది. ఇంగ్లండు కీర్తనల పుస్తకాలు చాలావాటిలో ఆ చోట ‘భయంతో’ అని ఉంటుంది. మూల హీబ్రూలో ఉన్నది సంతోషమే కాబట్టి స్కాట్లండు పాఠమే మూలానికి దగ్గర. కఠిన నిష్ఠకు పేరుపడ్డ స్కాట్లండు చర్చి సంతోషం వైపు నిలబడటం ముచ్చటైన విషయమే.

పదిహేడో శతాబ్దం తొలినాళ్ళకే ‘నవ్వు’ ఈ మాటకు కేంద్రం అయింది. హామ్లెట్ నాటకంలో కొత్త రాజు అన్న చావు, వదినతో పెళ్ళి రెంటినీ ఒకే ఊపిరిలో చెబుతూ ‘చావులో మర్త్, పెళ్ళిలో శోకగీతం’ కలిపామంటాడు. ఇక్కడ మర్త్ అంటే లోపలి తృప్తి అని చదివితే ఆ వాక్యం చప్పబడిపోతుంది. పదిమందిలో వినబడే సందడి కాబట్టే చావింట అది అపశ్రుతి.

అన్నిటికన్నా సూటిగా తేల్చింది ఇంగ్లీషు వ్యాసకర్త జోసెఫ్ అడిసన్. 1712 మే 17న వెలువడిన స్పెక్టేటర్ పత్రిక 381వ సంచికలో ఆయన చీర్‌ఫుల్‌నెస్‌నీ మర్త్‌నీ పక్కపక్కన నిలబెట్టాడు. మర్త్ ఒక చర్య, చీర్‌ఫుల్‌నెస్ మనసుకు పట్టిన అలవాటు. మొదటిది పొట్టిది, వచ్చిపోయేది, రెండోది స్థిరం. మర్త్ మబ్బుల్లో మెరుపు, చీర్‌ఫుల్‌నెస్ మనసులో పరుచుకున్న పగటి వెలుతురు. పొట్టిది అనే విశేషణం ఆయన కలంనుంచి రావడం చూస్తే, నూరేళ్ళ తర్వాత పుట్టబోయే తులనాత్మక భాషాశాస్త్రం ఆయనకు కలలో కనిపించిందా అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. జనం వాడుకలో ఉన్న అర్థాన్ని ఆయన జాగ్రత్తగా విన్నాడు, అంతే. ఇప్పటికీ ఈ రెండు మాటల తేడాకు ఇంతకన్నా పనికొచ్చే వివరణ లేదు.

మెర్రీ కథ కాస్త వేరు. మర్త్ నవ్వు వైపు ఇరుకవుతుండగా మెర్రీ పాత ‘హాయి’ అర్థాన్ని కొన్ని పదబంధాల్లో భద్రంగా దాచుకుంది. మెర్రీ ఇంగ్లండ్ అంటే నవ్వుతున్న దేశం కాదు, హాయైన, సుభిక్షమైన నేల. ‘గాడ్ రెస్ట్ యు మెర్రీ, జెంటిల్‌మెన్’ అనే క్రిస్మస్ గీతంలో కామా మెర్రీ తర్వాతే పడాలి. ‘రెస్ట్’ అంటే అక్కడ ‘ఉంచుగాక’ అని అర్థం. అయ్యలారా, దేవుడు మిమ్మల్ని హాయిగా ఉంచుగాక. కామా ముందుకు జరిపితే తాగి తూగుతున్న పెద్దమనుషులకు విశ్రాంతి ఇమ్మని దేవుణ్ణి అడిగినట్టవుతుంది. మెర్రీ క్రిస్మస్ అనే పలకరింపుకు దొరికిన తొలి ఆధారాల్లో ఒకటి పండగ సందడిలో పుట్టింది కాదు. రాజు ఎనిమిదో హెన్రీని ఎదిరించి లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్న బిషప్ జాన్ ఫిషర్, 1534 డిసెంబరు 22న రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాస్తూ, బట్టలు చినిగిపోయాయని మొరపెట్టుకుని, చివర ప్రభువు మీకు మెర్రీ క్రిస్మస్ ఇవ్వాలని కోరాడు. మరుసటి జూన్‌లో ఆయన తల తీశారు. పలకరింపు ఇంటింటికీ చేరింది 1843 తర్వాత. ఆ ఏడే హెన్రీ కోల్ వేయించిన తొలి వ్యాపార క్రిస్మస్ కార్డు మీద క్రిస్మస్‌కి మెర్రీ, కొత్త సంవత్సరానికి హ్యాపీ అని అచ్చయింది. ఆ పంపకం అలాగే స్థిరపడిపోయింది. మెర్రీ బర్త్‌డే అని ఎవరూ అనరు.

కోడి రొమ్ము దగ్గర రెండు కొమ్ముల ఎముకను ఇద్దరు చెరో కొస పట్టి లాగి విరిచే ఆటవల్ల దానికి ఇంగ్లండులో పాత పేరు ‘మెర్రీథాట్’. రంగులరాట్నం మెర్రీ-గో-రౌండ్. కాస్త మందు పుచ్చుకుని హుషారుగా ఉన్నవాణ్ణి మెర్రీగా ఉన్నాడంటారు. దొంగ చుట్టాలూ ఉన్నారు. పెళ్ళాడటం అనే మ్యారీ లాటిన్ మూలపుది, దీనికి ఏమీ కాదు. అడవి చెర్రీకి ఉన్న మెర్రీ అనే పేరు ఫ్రెంచి ‘మెరీజ్’ చివరి ‘జ్’ను బహువచనమని పొరబడి కత్తిరించగా మిగిలింది. ధూపంలో వేసే బోళం ‘మర్’ సెమిటిక్ మాట, చేదు అని దాని అర్థం.

జనం మరిచిపోతున్న మర్త్‌కు ఇరవయ్యో శతాబ్దంలో అనుకోని చోట కొలువు దొరికింది, అది మెదడు శాస్త్రం. నవ్వు అనేది ముఖ కండరాలు, ఊపిరి చేసే పని. ఆ సమయంలో లోపల కలిగే ‘భలేగా ఉంది’ అనే అనుభూతి వేరు. రెండింటికీ వేర్వేరు పేర్లు కావాల్సి వచ్చి, అనుభూతికి మర్త్ అని పెట్టుకున్నారు. ఈ విడదీత ఎందుకు అవసరమో ఒక రకం మూర్ఛరోగం చూపిస్తుంది. జెలాస్టిక్ మూర్ఛ అంటారు, గ్రీకులో జెలోస్ అంటే నవ్వు. మెదడు అడుగున హైపోథాలమస్ దగ్గర పుట్టుకతో ఏర్పడే కణితి దీనికి పేరుపడ్డ కారణం. రోగికి ఉన్నట్టుండి నవ్వు తెరలుతెరలుగా వస్తుంది, తరచుగా లోపల మాత్రం సరదా ఏమీ ఉండదు. వైద్య పుస్తకాల్లో దీన్ని మర్త్ లేని నవ్వు అనే రాస్తారు. దీనికి ఎదురు సాక్ష్యం 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. మూర్ఛకు శస్త్రచికిత్స చేయబోతూ లాస్ ఏంజెలెస్‌లో ఇట్‌జాక్ ఫ్రీడ్ బృందం పదహారేళ్ళ అమ్మాయి మెదడు ఎడమ ముందుభాగంలో, రెండు సెంటీమీటర్ల చదరంలో, సన్నటి విద్యుత్తు పంపింది. తక్కువ విద్యుత్తుకు చిరునవ్వు, పెంచితే పగలబడి నవ్వు. ఈసారి నవ్వుతో పాటు మర్త్ కూడా వచ్చింది. ఎందుకు నవ్వావంటే, ఆ క్షణంలో కంటికి ఏది కనబడితే దాన్నే, చుట్టూ నిలబడ్డ డాక్టర్లతో సహా, కారణంగా చెప్పింది.

ఇక వాడుక. మర్త్‌కి బహువచనం లేదు, ముందు ‘ఎ’ పెట్టరు. దాన్ని ‘అనుభవించడం’ అరుదు. ప్రొవోక్, కాజ్ వంటి క్రియలతో అది పుడుతుంది, లేదా మనిషి దానితో షేక్ అవుతాడు. మర్త్‌ఫుల్ పుస్తకాల్లో అరుదుగా, మర్త్‌లెస్ తరచుగా కనిపిస్తాయి. ఒక మాట ఉన్నదానికన్నా లేనిదానికి ఎక్కువ పనికిరావడం అది ముసలిదైందనడానికి గుర్తు. మెర్రిమెంట్ దీనికి దగ్గరి పర్యాయపదమే, జర్మానిక్ మొండానికి ఫ్రెంచి తోక తగిలించిన పదహారో శతాబ్దపు మాట. గ్లీలో ఎదుటివాడి పాట్లు చూసి సంబరపడే ఛాయ రావచ్చు. హిలారిటీ గొంతు పెద్దది. జాయ్ నిశ్శబ్దంగా ఒంటరిగా కూడా ఉండగలదు. మర్త్‌కి నవ్వు కావాలి, చాలాసార్లు తోడు కూడా కావాలి. పరీక్షల్లో దీనికి వ్యతిరేకపదంగా గ్లూమ్, మెలంకలీ వస్తాయి. సారో ఇచ్చినా తప్పనలేం గానీ, అది జాయ్‌కి ఎదురు.

తెలుగు చేసేటప్పుడు మర్త్ దగ్గర నామవాచకాన్ని పట్టుకు వేలాడితే వాక్యం బిగుసుకుపోతుంది. గది నిండా మర్త్ ఉందంటే ‘ఇల్లంతా నవ్వులతో హోరెత్తింది’ అనొచ్చు. కళ్ళలో మర్త్ మెరిసిందంటే ‘కళ్ళలో నవ్వు తొణికింది’. ఒకరి పొరపాటు మిగతావాళ్ళకు మర్త్ తెప్పిస్తే ‘నవ్వులపాలు’ చేతికి అందుతుంది. పాత బైబిలు శైలికి ఉల్లాసం బాగా నప్పుతుంది. ఆనందం మాత్రం వీలైనంతవరకు వద్దు. మన భాషలో దానికి ఉపనిషత్తుల బరువు ఉంది, అంత లోతు ఈ మాట మోయదు. అసలు చిక్కు మర్త్‌లెస్ లాఫ్ దగ్గర. అనువాదాల్లో ‘తెచ్చిపెట్టుకున్న నవ్వు’ అని పెడుతుంటారు. అది వేరే నవ్వు, ఎదుటివాణ్ణి నమ్మించడానికి నవ్వేది. మర్త్‌లెస్ నవ్వు నవ్వేవాడు ఎవరినీ నమ్మించాలనుకోడు. చేదు, నిస్పృహ, కోపం నవ్వు రూపంలో బయటికి వస్తాయి. సందర్భాన్ని బట్టి ‘పొడినవ్వు’, ‘విరక్తిగా నవ్వాడు’, ‘నవ్వాడే గానీ అందులో నవ్వు లేదు’ అనే మూడింట్లో ఒకటి దాదాపు ఎప్పుడూ సరిపోతుంది.